మొండిది ఎడమకే తిరగాలి

మార్చి 3, ఆదివారం

మొండిది ఇవాళ ఎడమకి తిరగలేదు.

ఈ మాట ఎవరికైనా చెబితే, తిరక్కపోతే ఏం పోయిందంటారు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆట డిస్క్ గోల్ఫ్, కంచంలాంటి ప్లాస్టిక్ డిస్క్‌ని విసురుకుంటూ పోయి గొలుసుల బుట్టలో, అంటే బాస్కెట్‌లో, పడెయ్యాలి. ఇవాళ పిల్లి డిస్క్ చెట్టు కొమ్మల్లో ఇరుక్కుంది. ఒక్కసారి నీది ఇస్తావా అక్కా అని అడిగింది. పిల్లి అంటే మా తోడికోడలు. నడిస్తే చప్పుడు వినపడదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. మొహం మీద ఎప్పుడూ అనలేదు. మొండిది నా డిస్క్ పేరు, దాన్ని నేను ఎవరి చేతికీ ఇవ్వను. పక్కన క్లబ్బు వాళ్ళు నలుగురు ఉన్నారని ఇచ్చాను.

విసిరింది. నేరుగా పోయింది. చివర్లో ఎడమకి తిరిగి దిగాలా? దిగలేదు. పైగా కాస్త కుడికి జరిగి పొదల్లో పడింది. పిల్లి ఒక్కతే పొదల్లోకి వెళ్ళి చాలాసేపు వెతికి తెచ్చింది. ఇది బాగా మెత్తబడిపోయిందక్కా అంది. నా డిస్క్ సంగతి నాకే చెబుతోంది.

భోజనాల దగ్గర మా ఆయన ఓవర్‌స్టేబుల్ అంటే ఏమిటని వందోసారి అడిగారు. వందోసారి చెప్పాను. కుడిచేత్తో విసిరిన డిస్క్ ఊపు తగ్గాక ఎడమకి వాలుతుంది. మామూలువి దారిలో గాలికి అటూ ఇటూ ఊగుతాయి. ఓవర్‌స్టేబుల్ ఊగదు, ఎదురుగాలిని కూడా లెక్క చెయ్యదు, నేరుగా పోయి చివర్లో ఖచ్చితంగా ఎడమకే తిరిగి దిగుతుంది. నాది ఫెయిర్‌వే డ్రైవర్, అంటే మైదానం దాటించడానికి కాదు, అనుకున్న చోట పడెయ్యడానికి. దాన్ని ఎగరెయ్యాలంటే చేతిలో సత్తా ఉండాలి. సత్తా లేని చేతికి అది ఎగరనే ఎగరదు, వెంటనే ఎడమకి కూలబడుతుంది. ఏళ్ళ తరబడి చెట్లకి తగిలి తగిలి ఆ మొండితనం తగ్గి నేరుగా పోవడం మొదలెడుతుంది. కానీ నాది అలా కాదు. ఎనిమిదేళ్ళుగా ఒక్కలాగే తిరుగుతోంది.

ఆయన అంతా విని, అంటే మా అమ్మలాంటిదన్నమాట అన్నారు. అత్తయ్య పక్కనే ఉన్నారు. ఆవిడ మజ్జిగ తాగడం ఆపలేదు.

మార్చి 4, సోమవారం, ఉదయం 7

ఆఫీసుకి వెళ్ళే ముందు మైదానానికి వెళ్ళి విసిరాను. ఎడమకి తిరిగింది. మళ్ళీ విసిరాను. మళ్ళీ తిరిగింది. ఎన్నిసార్లు విసిరినా ఎడమకే.

అంటే నిన్న పిల్లి విసిరింది దీన్ని కాదు.

మార్చి 5

నా ఉద్యోగమే అనుమానం. గుద్దుకున్న కార్లని చూసి, దెబ్బ ఎటు నుంచి తగిలింది, కొత్తదా పాతదా, యజమాని ఎంత వరకు నిజం చెబుతున్నాడు అని ఇన్సూరెన్స్ కంపెనీకి రిపోర్టు రాస్తాను. రోడ్డు మీద ఆవు అడ్డొచ్చిందన్నవాళ్ళ బంపరు మీద సొంత గేటు రంగు చూసినదాన్ని. నా చెవిలో పువ్వులు పెట్టడం అంత తేలిక కాదు.

కాబట్టి మొండిదాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, టార్చీ వేసి, ఆఫీసు భూతద్దంతో అంగుళం అంగుళం చూశాను. దీపస్తంభానికి తగిలిన నొక్కు ఉంది. రాయి గీత ఉంది. నా పేరు సగం చెరిగి ఉంది. ఇది నాదే, సందేహం లేదు.

ఇవాళ నాది. ఆదివారం విసిరింది నాదని ఏమిటి సాక్ష్యం? పొదల్లో మార్చి ఉండొచ్చు, తిరిగి మార్చి తెచ్చి ఇచ్చి ఉండొచ్చు.

అత్తయ్య అటుగా వచ్చి, కంచం పగిలిందా ఏంటమ్మా అని అడిగారు.

మార్చి 6

ఎందుకు మారుస్తుంది? అదీ అసలు ప్రశ్న.

జవాబు నాకు తెలుసు. నెలాఖరున క్లబ్బులో జోడీ ఆట. అందులో ఒకరు విసిరాక, పడిన చోటు నుంచి ఇంకొకరు విసరాలి. మొదటి విసురు, అంటే డ్రైవ్, ఎవరిదో జోడీయే తేల్చుకోవాలి. ఏడాదిగా పిల్లి ఒకటే పాట. డ్రైవ్‌లు నేను చూసుకుంటానక్కా, బాస్కెట్ దగ్గర నీ గురి ఎవరికీ రాదు, పట్‌లు, ఆ దగ్గరి విసుర్లు, నువ్వు వెయ్యి అని. పొగుడుతున్నట్టే ఉంటుంది. పొగిడి పక్కన కూర్చోబెట్టడం అంటే ఇదే. ఈ ఇంటికి పెద్ద కోడల్ని నేను. అసలు ఈ ఆటకి దాన్ని తీసుకెళ్ళిందీ నేను. డిస్క్ ఎలా పట్టుకోవాలో నేర్పిందీ నేనే.

నా డిస్క్ మీద నాకే నమ్మకం పోయిందనుకో. డ్రైవ్‌లన్నీ ఎవరివి?

మార్చి 8

కాఫీ డబ్బా మూత.

పైకి చిన్న విషయమే. పిల్లి వాళ్ళు పై వాటాలో ఉంటారు, కానీ పొద్దున్న కాఫీ కింద మా వంటింట్లోనే. అది నాకంటే ముందు లేస్తుంది, కలుపుకుని, డబ్బా మూత పెట్టి పోతుంది. ఆ మూత ఈమధ్య నాకు రావడం లేదు. గుడ్డ పెట్టి తిప్పినా రాదు. మా ఆయన్ని పిలిస్తే ఒక్క తిప్పుతో తీసి, ఇదా అన్నట్టు చూస్తారు. కావాలనే అంత బిగించి పెడుతోంది. నేను దేనికైనా ఇంకొకరిని పిలవాలి, అదీ దాని సరదా.

అడిగాను. ఎంత బిగించి పెడుతున్నావేంటని. మామూలుగానే పెడుతున్నానక్కా అంది. చూపు నా మొహం మీద లేదు, నా చేతి మీద ఉంది. తప్పు చేసినవాళ్ళు కళ్ళలోకి చూడరు. ఇది నేను ఆఫీసులో రోజూ చూసేదే.

మార్చి 10, ఆదివారం

ఇది పిల్లి ఒక్కదాని పని కాదేమో.

ఐదో టీ, అంటే ఐదో బాస్కెట్‌కి మొదట విసిరే గట్టు, అక్కణ్ణుంచి నా డిస్క్ ఎప్పుడూ మైదానంలోని సిమెంటు బల్ల దాటి పడేది. ఇవాళ బల్లకి ఇవతలే పడింది. ఏడో టీ దగ్గరా అంతే. టీలు వెనక్కి జరిపారా అని క్లబ్బు సెక్రటరీని అడిగాను. ఆయన నవ్వి, జరపడానికి అవి కుర్చీలా మేడమ్, పోసిన కాంక్రీటు అన్నారు. నవ్వెందుకు? నవ్వాల్సిన మాట నేనేం అన్నాను?

కారులోంచి ఆఫీసు టేపు తెచ్చాను. ఒక కొస పిల్లి పట్టుకుంది, మారు మాట్లాడకుండా. కొలిచాను. బోర్డు మీద ఎంత రాసి ఉందో అంతే వచ్చింది.

టేపు సాగిందేమో. రేపు ఆఫీసులో ఇంకో టేపుతో పోల్చి చూడాలి.

మార్చి 11

టేపు సాగలేదు.

మార్చి 13

ఇవాళ ఆఫీసులో ఒక మంచి కేసు. ఈ మధ్య మనసుకి హాయిగా అనిపించిన రోజు ఇదొక్కటే.

ఒక పెద్దమనిషి గ్యారేజీ మీద అగ్గిమీద గుగ్గిలం అవుతూ వచ్చాడు. రిపేరుకి ఇచ్చిన కారుకి నాలుగు కొత్త టైర్లు వేసి పంపారట. అప్పటి నుంచి కారు ఎడమకి లాగేస్తోందట. స్టీరింగు పాడుచేశారు, నష్టపరిహారం ఇప్పించండి అని గోల. ఇన్నేళ్ళూ బాణంలా పోయిన బండి మేడమ్ అని అరడజనుసార్లు అన్నాడు. గ్యారేజీ కుర్రాళ్ళు నీళ్ళు నములుతున్నారు.

నేను డిక్కీ తెరిపించాను. పాత టైర్లు అందులోనే ఉన్నాయి. చూడగానే అర్థమైపోయింది. ఆ బండికి చక్రాల అలైన్‌మెంటు ఎప్పుడో తప్పింది, ఎడమకి లాగే జబ్బు ఎప్పటి నుంచో ఉంది. పాత టైర్లు ఒక పక్కే అరిగి అరిగి కుడికి లాగుతున్నాయి. రెండు లోపాలు ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. బండి నేరుగా పోతోంది, ఈయన నిశ్చింతగా ఉన్నాడు. కొత్త టైర్లు వెయ్యగానే ఒక లోపం పోయి రెండోది బయటపడింది. గ్యారేజీ వాళ్ళ తప్పు ఏమీ లేదు, మీ బండికే బాగోలేదు అని చెప్పాను. ఆయన మొహం చూడాలి.

నేరుగా పోతోంది కాబట్టి బాగానే ఉందనుకోవడం! పైగా బాగుచేసినవాళ్ళ మీదే అనుమానం. ఇంత చిన్న సంగతి మనుషులకి ఎందుకు తట్టదో.

మార్చి 16, శనివారం

కొత్త డిస్క్ కొన్నాను. అదే కంపెనీ, అదే అచ్చు, అదే బరువు. కొత్తది నా దగ్గరుంటే ఇక ఏది ఎవరు మార్చినా నాకు బెంగ లేదు. బ్యాగులో కాదు, బీరువాలో పెడతాను.

సాయంత్రం 6

కొత్తది దొంగ సరుకు. చేతిలోంచి వదలగానే ఎడమకి కూలబడింది. ఎగరడం లేదు, ఇటుకని విసిరినట్టుంది. మళ్ళీ మళ్ళీ వేశాను. అదే వరస.

షాపుకి తీసుకెళ్ళాను. షాపతను అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో ఏ లోపం లేదు మేడమ్, ఇది బాగా గట్టి డిస్క్ కదా, కొంచెం బలంగా విసరాలి అన్నాడు. ఎనిమిదేళ్ళ నుంచి ఆడుతున్నదాన్ని, నాకు చెబుతున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లి కూడా ఈ షాపులోనే కొంటుంది. అతనికి ఫోన్ చేసి ఉంటుందా అనిపించింది. అది కాస్త ఎక్కువేనని నాకూ తెలుసు. అయినా రాసి పెడుతున్నాను.

మార్చి 19

మా ఆయన అడిగారు, కుడి భుజం నొప్పిగా ఉందా అని. లేదన్నాను. లేదు కూడా. ఎందుకడిగారంటే, బట్టలు ఆరేసినప్పుడు నీళ్ళు కారుతున్నాయి, సరిగ్గా పిండడం లేదు అన్నారు. వాషింగ్ మెషీన్ డ్రయ్యర్ పాడైనప్పటి నుంచి పిండే పని నాది. ఆయన ఎన్నడైనా బట్టల తాడు వంక చూశారా? ఇప్పుడు హఠాత్తుగా ఎందుకు చూశారు? పై వాటా నుంచి ఎవరు చెప్పారు?

మార్చి 22

మేడ మెట్ల మీద పిల్లీ, మా మరిదీ నా గురించే మాట్లాడుకుంటున్నారు. నేను గేటు తియ్యగానే ఆపేశారు. గేటు గడియ కూడా ఈమధ్య బిగుసుకుపోయింది. లాగి లాగి తీసేసరికి వాళ్ళకి మాట మార్చుకోవడానికి కావలసినంత టైము దొరికింది.

మార్చి 24, ఆదివారం

ప్రాక్టీసుకి వెళ్ళలేదు. తల నొప్పి అన్నాను. తల నొప్పి లేదు.

మార్చి 31, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆఖరి టీ వరకూ మేమూ ఇంకో జోడీ సమానం. ఆ ఆఖరి దారి మొత్తం నా కోసమే వేసినట్టుంటుంది. కుడి పక్కంతా కుంట. బాస్కెట్ ఎడమ పక్క చెట్ల వెనక. ఎదురుగాలి. అక్కడ ఏ డిస్క్ వేసినా గాలి దాన్ని నీళ్ళలోకి తోసేస్తుంది. ఓవర్‌స్టేబుల్ ఒక్కటే పోయి, పోయి, చెట్లు దాటాక ఎడమకి తిరిగి బాస్కెట్ పక్కన దిగుతుంది. ఆరేళ్ళ క్రితం నేను అక్కడ వేసిన విసురు గురించి సెక్రటరీ ఇప్పటికీ కొత్తవాళ్ళకి చెబుతాడు.

పిల్లి మెల్లిగా, నేను వెయ్యనా అక్కా అంది. అందరూ వింటుండగా. అక్కర్లేదన్నాను.

మొండిదాన్ని వేశాను. ఎడమకి తిరిగింది. కానీ చెట్లు దాటకముందే తిరిగింది. కొమ్మల మధ్య పడింది.

నాకు ఒళ్ళు తెలియలేదు. ఇది నాది కాదు, నువ్వు మళ్ళీ మార్చావు, బ్యాగు తెరువు అన్నాను. అందరూ చూస్తున్నారు. పిల్లి నా వైపే చూసింది. బ్యాగు నేల మీద పెట్టి, జిప్పు మొత్తం లాగి, ఒక్కొక్కటే తీసి గడ్డి మీద పరిచింది. దాని డిస్కులు. నీళ్ళ సీసా. తువ్వాలు. సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్. ఇంకేం లేదు. అడుగున ఉన్న మట్టి కూడా దులిపి చూపించింది.

మళ్ళీ అన్నీ సర్దుకుని, చెట్లలోకి వెళ్ళి, కొమ్మల సందులోంచి బాస్కెట్ దగ్గరికి వేసింది. అంత మంచి విసురు నేను ఈ ఏడాదిలో చూడలేదు. ఆ తరవాత పట్ నాది. ఎవరికీ రాదన్న ఆ గురి నాది. తప్పింది.

ఓడిపోయాం. అది మా కారులో రాలేదు. నడిచి వచ్చింది.

ఏప్రిల్ 1

కాఫీకి కిందకి రాలేదు.

ఏప్రిల్ 2

ఇవాళా రాలేదు. పై వాటాలో కొత్తగా స్టవ్ చప్పుడు వినపడుతోంది. మా మరిది గుమ్మంలో ఎదురుపడి, వదినా అని కూడా అనకుండా పోయాడు. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో నా వెనకే తిరిగిన మనిషి.

అత్తయ్య నన్ను కూర్చోబెట్టి, ఏం పోయిందని దానిమీద నింద వేశావు, ఒక ప్లాస్టిక్ కంచం కోసమా అని అడిగారు. కంచం కాదండీ అన్నాను. మరేంటి అన్నారు. చెప్పలేకపోయాను. నా దగ్గర సాక్ష్యం లేదు. సాక్ష్యం లేకుండా రిపోర్టు రాస్తే ఎవరినైనా ఆఫీసులో నిలబెట్టి కడిగేస్తాను.

అయినా డిస్క్ మారలేదంటే నేను ఒప్పుకోను. ఒకే డిస్క్ దాని చేతిలో ఒకలా, నా చేతిలో ఒకలా ఎందుకు పోతుంది?

ఏప్రిల్ 4

కాఫీ డబ్బా మూత ఇవాళ కూడా రాలేదు. నిన్న మూత పెట్టింది నేనే.

ఏప్రిల్ 7, ఆదివారం

పిల్లి పొద్దున్నే తలుపు కొట్టింది. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడే, నీ రెండు డిస్కులూ తీసుకుని మైదానానికి రా అక్కా అంది. ఎందుకన్నాను. నన్ను దొంగ అన్నావు, అది పట్టుకుని నేను ఇదే ఇంట్లో మెట్లెక్కీ దిగీ బతకలేను, తేలిపోవాలి అంది. గోళ్ళ రంగు సీసా ఒకటి నా చేతిలో పెట్టింది. గుర్తులు నువ్వే పెట్టుకో, ఎక్కడ పెట్టావో నాకు చూపించకు అంది.

పెట్టాను. పాతదానికి అంచు లోపల ఒక చుక్క. కొత్తదానికి రెండు.

మైదానంలో మేమిద్దరమే. గాలి లేదు. అది ముందు పాతదాన్ని విసిరింది. నేరుగా పోయింది. తిరగలేదు. నేను పరుగున వెళ్ళి, అది రాకముందే తీసి చూశాను. చుక్క ఉంది. తరవాత కొత్తది వేసింది. నేను ఇటుక అన్నానే, అది. అది లేచి, చాలా దూరం నేరుగా పోయి, చివర్లో ముచ్చటగా ఎడమకి తిరిగి దిగింది. అచ్చం ఎనిమిదేళ్ళ క్రితం నా మొండిదానిలాగే. పరుగున వెళ్ళాను. రెండు చుక్కలూ ఉన్నాయి.

ఇప్పుడు నువ్వు అంది.

పాతది వేశాను. ఎడమకి తిరిగింది, ఎప్పట్లాగే. కొత్తది వేశాను. కూలబడింది. చుక్కలు చూసుకున్నాను. ఉన్నాయి. ఏదీ మారలేదు. రెండు డిస్కులూ సరిగ్గానే ఉన్నాయి. పాతది అరగాల్సినంత అరిగింది. కొత్తది ఉండాల్సినంత మొండిగా ఉంది.

పిల్లి ఇక చాలు కదక్కా అని, బ్యాగు వేసుకుని వెళ్ళిపోయింది.

నేను ఆ సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. ఎప్పుడూ దాటించే బల్ల. టైర్ల పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఇన్నేళ్ళూ బాణంలా పోయిన బండి మేడమ్.

డిస్క్ మెత్తబడుతూ వచ్చింది. నా చేయి కూడా దానితో పాటే మెత్తబడుతూ వచ్చింది. ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. అది ఎడమకి తిరుగుతున్నంత కాలం నేను బాగానే ఉన్నాననుకున్నాను.

మధ్యాహ్నం 2

స్నానాల గదిలో తలుపు గడియ వేసుకుని ఆఫీసు టేపుతో కొలుచుకున్నాను. ఎడమ చేయి, భుజానికీ మోచేతికీ మధ్య. తరవాత కుడిది. కుడిచేతి వాటం మనిషికి కుడి చేయి లావుండాలి. నాది సన్నగా ఉంది. చిన్న తేడా కాదు. వెనక వైపు కండ ఉండాల్సిన చోట పల్లం ఉంది. అద్దంలో రోజూ చూసుకునే చేయి. కారు మీద పైసా అంత గీతని పది అడుగుల దూరం నుంచి పట్టే కళ్ళు నావి.

ఇంకోసారి కొలిచాను. ఈసారి టేపుని అనుమానించలేదు. చాలా భయం వేసింది.

ఏప్రిల్ 10

డాక్టరు మెడని అటూ ఇటూ వంచి, నా చేతిని తోసి, తిరిగి నన్ను తోయమని, స్కాన్ తీయించి చూశాడు. మెడ ఎముకల మధ్య నరం నలుగుతోంది. కొందరికి ప్రాణం పోయేంత నొప్పి వస్తుందట, వెంటనే పరిగెత్తుకొస్తారట. కొందరికి నొప్పి ఉండదట. బలం మాత్రం మెల్లిమెల్లిగా పోతుందట. మీరింత ఆలస్యంగా ఎందుకొచ్చారు, చేతిలో సత్తా తగ్గుతున్నట్టు ఇన్నాళ్ళూ తెలియలేదా అని అడిగాడు. కాఫీ డబ్బా, గేటు గడియ, తడి బట్టలు, ఐదో టీ, ఏడో టీ అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. తెలిసింది డాక్టరుగారూ, కాకపోతే వేరేవాళ్ళని అనుమానించాను అని ఎలా చెప్పను?

ఆపరేషన్ చెయ్యాలి. ఇంకా ఆలస్యం చేస్తే పోయింది పోయినట్టేనట. చేస్తే ఎంత తిరిగొస్తుంది అని అడిగాను. చెప్పలేం అన్నాడు.

మా ఆయన ఇంటి ముందు కారు ఆపాక, నీళ్ళు కారుతున్న బట్టలు చూసిన రోజే తీసుకెళ్ళాల్సింది అన్నారు. పై వాటా నుంచి ఎవరు చెప్పారో అప్పుడడిగాను. ఎవరూ చెప్పలేదు, నా చొక్కా తడిగా ఉంటే చూశాను అన్నారు.

ఏప్రిల్ 11

మేడ మెట్లెక్కాను. క్షమించమని అడిగాను. పరవాలేదక్కా అంది, మర్యాదగా, పక్కింటివాళ్ళతో అన్నట్టు. ఆ మర్యాద నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

నీకు ముందే తెలుసా అని అడిగాను. ఏడాది నుంచి తెలుసంది. నా విసురు దూరం తగ్గడం, డిస్క్ వదిలేటప్పుడు వేళ్ళు జారడం. అందుకే డ్రైవ్‌లు నేను వేస్తానన్నాను అంది. మెట్ల మీద మా మరిదితో మాట్లాడింది కూడా అదేనట, ఎలా చెప్పాలా అని. మరి చెప్పలేదేం అన్నాను.

చెబితే నన్నే అనుమానిస్తావని అంది.

మెట్లు దిగి వచ్చేశాను.

ఏప్రిల్ 14, ఆదివారం

దొంగ అన్నది అందరి ముందూ. సారీ చెప్పింది మేడ మీద, తలుపు వేసుకుని. అది చెల్లదు.

ఇవాళ క్లబ్బుకి వెళ్ళాను. ఆఖరి టీ దగ్గర ఆ రోజు ఉన్నవాళ్ళందరూ ఉన్నారు. పిల్లి దూరంగా నిలబడి బూటు లేసు కట్టుకుంటోంది, కట్టిందే మళ్ళీ కడుతోంది. నా బ్యాగు నేల మీద పెట్టి తలకిందులు చేశాను. అన్నీ గడ్డి మీద పడ్డాయి. డిస్కులు, టేపు, భూతద్దం, నేను ఎవరికీ ఇవ్వని మంచి చాక్లెట్లు. చెప్పాను. నా డిస్క్ ఎవరూ మార్చలేదు, నా చేయి సన్నబడింది, అది ఒప్పుకోలేక మా చెల్లెలి మీద నింద వేశాను, తను ఈ ఏడాదంతా నన్ను కాపాడుకుంటూ వచ్చింది అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

సెక్రటరీ, టీలు జరపలేదని కూడా చెప్పండి మేడమ్ అన్నారు. జరపలేదని చెప్పాను.

పిల్లి వచ్చి గడ్డి మీద పడ్డవన్నీ ఏరి నా బ్యాగులో సర్దింది. చాక్లెట్లు మాత్రం తన జేబులో వేసుకుంది.

తిరుగు ప్రయాణం మా కారులోనే.

ఏప్రిల్ 15

కాఫీకి వచ్చింది. మూత వదులుగా పెట్టి వెళ్ళింది. పొడికి చెమ్మ పట్టింది.

ఏప్రిల్ 21

రేపు ఆపరేషన్. కొత్త డిస్క్ పిల్లికి ఇచ్చేశాను. నీకు బాగయ్యేదాకా దాచిపెడతాను అంది. దాచొద్దు, వాడు, చెట్లకి కొట్టు అన్నాను. మొండిది నా మంచం పక్కనే ఉంది.

మే 6

కుడి వేళ్ళు పెన్ను పట్టడం లేదు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గీకినట్టుంది.

జూన్ 18

డాక్టరు చేతిని తోశాడు. నేను తోశాను. కొంచెం వచ్చింది అన్నాడు. ఎంత అని అడగలేదు.

ఆగస్టు 11, ఆదివారం

కుడిచేత్తో విసరొద్దన్నాడు డాక్టరు. ఎడమచేతి గురించి ఏమీ అనలేదు.

మొండిదాన్ని ఎడమచేత్తో విసిరాను. కాస్త దూరం నేరుగా పోయి, కుడికి తిరిగి దిగింది. నా చేతిలో ఎనిమిదేళ్ళలో మొదటిసారి. ఎడమచేత్తో వేస్తే అంతే మరి, అది తిరిగే పక్క మారుతుంది. నేనే ఆ సంగతి మరిచిపోయి ఎడమ పక్కకి వెతకడానికి బయల్దేరాను.

పిల్లి మాత్రం ముందే వెళ్ళి కుడి పక్క నిలబడి ఉంది. డిస్క్ దాని కాళ్ళ దగ్గరే పడింది.

దీనికి ముందే ఎలా తెలిసిందో. నాకెందుకో అనుమానంగానే ఉంది.